హైదరాబాద్ డాబా మీదికి ఏ రిఫ్రాక్టర్ టెలిస్కోపు, దానితో ఏం చూడవచ్చు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. కూకట్‌పల్లిలో అయిదంతస్తుల అపార్టుమెంటు, అందరికీ ఉమ్మడిగా ఉన్న డాబా, తొమ్మిదో తరగతి చదువుతున్న అమ్మాయి, పాతిక వేల రూపాయల బడ్జెట్. 80 మి.మీ. కటకం, 400 మి.మీ. నాభ్యంతరం (కటకం నుంచి బింబం ఏర్పడే చోటికి దూరం) ఉన్న పొట్టి రిఫ్రాక్టర్, అంటే కటకాల టెలిస్కోపు, అదే కటకంతో 900 మి.మీ. నాభ్యంతరం ఉన్న పొడుగు రిఫ్రాక్టర్, 114 మి.మీ. అద్దం, 1000 మి.మీ. నాభ్యంతరం ఉన్న అద్దాల టెలిస్కోపు (114/1000 రిఫ్లెక్టర్) అనే మూడింటి మధ్య మీరు తేల్చుకోలేకపోతున్నారు. ఆకాశం తిరిగే తీరుకు తగ్గట్టు ఒరిగిన అక్షం మీద తిరిగే ఈక్వటోరియల్ స్టాండు తప్పనిసరా, ఇన్ని లైట్ల మధ్య అసలేమైనా కనిపిస్తుందా, అమ్మాయికి శని వలయాలు చూపించగలనా అని కూడా అడిగారు. మల్కాజ్‌గిరిలో ఇటువంటి డాబా మీదనే ఇరవై రెండేళ్ళుగా ఆకాశం చూస్తున్నవాడిగా నా సలహా మొదటే చెబుతాను. 80/900 గాని, దొరికితే 90/900 గాని తీసుకోండి, అయితే దానిని సన్నగా కదిపే గుబ్బలున్న గట్టి ఆల్టజిమత్ (పక్కలకూ పైకీ కిందికీ తిరిగే) స్టాండు మీద తీసుకోండి. ఈ వాక్యంలో మొదటి సగం కన్నా రెండవ సగమే ముఖ్యమైనది కనుక స్టాండుతోనే మొదలుపెడతాను.

టెలిస్కోపు కొనేవారందరూ గొట్టం గురించి పది ప్రశ్నలు అడుగుతారు, దాన్ని మోసే కాళ్ళ గురించి ఒక్కటీ అడగరు. 90 రెట్లు పెద్దది చేసి చూపే పరికరం తన వణుకును కూడా 90 రెట్లు పెద్దది చేసి చూపుతుంది. ఫోకస్ గుబ్బ ముట్టుకోగానే గురుగ్రహం గిలగిలలాడి, అది కుదుటపడేలోగా దృశ్యక్షేత్రం దాటిపోతే కటకం ఎంత మంచిదైనా ప్రయోజనం లేదు. దుకాణంలోనే పరీక్షించవచ్చు. గొట్టాన్ని స్టాండుకు బిగించి, దూరంగా ఉన్న సైన్‌బోర్డు మీద ఒక అక్షరానికి గురిపెట్టి, గొట్టాన్ని వేలితో మెల్లగా తట్టండి. రెండు మూడు సెకన్లలో అక్షరం నిలబడితే సరే. అయిదారు సెకన్లు ఊగుతూ ఉంటే ఆ పెట్టెను అక్కడే వదిలి రండి. ట్రైపాడ్ కాళ్ళను పూర్తిగా సాగదీయకుండా, అవసరమైనంత మేరకే పెంచి, మధ్య పళ్ళెం నుంచి రెండు ఇటుకలున్న సంచి వేలాడదీస్తే సగటు స్టాండు కూడా కొంత బుద్ధిగా ఉంటుంది. నేను కుర్చీలో కూర్చునే చూస్తాను. నడుముకు సుఖం అన్నది ఒక కారణమైతే, కూర్చుని చూస్తే కాళ్ళు పొట్టిగా ఉంచవచ్చునన్నది మరొక కారణం.

ఈక్వటోరియల్ స్టాండు విషయంలో పాశ్చాత్య దేశాల వారి సలహాలను యథాతథంగా మన ఊరికి తెచ్చుకోకూడదు. ఆ స్టాండు అక్షాన్ని ఉత్తర ఆకాశ ధ్రువం వైపు, అంటే ఉజ్జాయింపుగా ధ్రువనక్షత్రం వైపు ఒరిగించాలి. లండన్‌లో అది దిగంతానికి 51 డిగ్రీల ఎత్తున ఉంటే, హైదరాబాద్ అక్షాంశం 17.4 డిగ్రీలు కనుక మనకు దాదాపు 17 డిగ్రీల ఎత్తునే ఉంటుంది. మీ ఉత్తరాన మరో అపార్టుమెంటు ఉంటే, కూకట్‌పల్లిలో ఉండకపోవడం అరుదు, ధ్రువనక్షత్రం మీకు ఏడాది పొడుగునా కనిపించకపోవచ్చు. పైగా అక్షం అంత కిందికి వాలినప్పుడు బరువు దిమ్మె ఉన్న కడ్డీ ట్రైపాడ్ కాలికి తగులుతుంది, స్టాండు మొత్తం ఒక పక్కకు తూలినట్లు అవుతుంది. చవక రకం ఈక్వటోరియల్ స్టాండ్లు మధ్య అక్షాంశాల వారిని దృష్టిలో పెట్టుకుని చేసినవి, మన దగ్గర అవి అసహనం తప్ప వేరేమీ నేర్పవు. ఫోటోల కోసం గంటల తరబడి ఒకే వస్తువును వెంబడించే దశకు వచ్చిన తరువాత మోటారున్న మంచి స్టాండు కొనుక్కోవచ్చు. కంటితో చూడటానికి కుడి ఎడమలకూ పైకీ కిందికీ తిరిగే ఆల్టజిమత్ చాలు. భూభ్రమణం వల్ల వస్తువు పక్కకు జరిగిపోవడం నిజమే. 90 రెట్ల ఆవర్ధనంలో మామూలు ప్లాసెల్ రకం ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) చూపే క్షేత్రాన్ని ఖగోళ మధ్యరేఖ (భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో ఊహించే గీత) దగ్గరి నక్షత్రం రెండు నిమిషాలకు కొంచెం పైగా సమయంలో దాటుతుంది. అప్పుడప్పుడు గుబ్బను అర చుట్టు తిప్పితే సరిపోతుంది, పిల్లలకు ఇది అయిదు నిమిషాల్లో అలవాటవుతుంది.

మన అక్షాంశం వల్ల వచ్చే ఇంకొక చిక్కును మాత్రం ముందే చెప్పాలి. సూర్యుడు, చంద్రుడు, గ్రహాలు నడిచే దారి మనకు చాలా ఎత్తున ఉంటుంది, ఏటా రెండుసార్లు మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి నిటారు కర్ర నీడ మాయమయ్యేది అందుకే. గ్రహాలు కూడా ఒక్కొక్కప్పుడు నడినెత్తికి నాలుగైదు డిగ్రీల దూరంలోకి వస్తాయి. పలుచని గాలిపొర గుండా చూస్తాము కనుక ఇది మన భాగ్యమే. కాని పొడుగు గొట్టాన్ని నిట్టనిలువుగా నిలబెట్టినప్పుడు దాని వెనుక భాగం ట్రైపాడ్ కాలికి కొట్టుకుంటుంది, కన్ను పెట్టే చోటు మోకాలి ఎత్తుకు దిగుతుంది. నేను గ్రహాన్ని అది నడినెత్తికి చేరడానికి రెండు గంటల ముందో తరువాతో చూస్తాను. అప్పుడది 60 డిగ్రీల ఎత్తున ఉంటుంది, గాలి దోషం పెద్దగా పెరగదు, మెడ నిలుస్తుంది. వెలుతురును 90 డిగ్రీలు మళ్ళించే డయాగనల్ తప్పనిసరి. చాలా పెట్టెల్లో వచ్చే 45 డిగ్రీల పట్టకం పగటిపూట కొంగలను చూడటానికి పనికివస్తుంది, రాత్రి మెడ విరుస్తుంది.

ఇక గొట్టం. ఒకే గాజు కటకం తెలుపు కాంతిలోని రంగులన్నిటినీ ఒకే చోట కలపలేదు, అది పట్టకంలాగా వాటిని విడదీస్తుంది. రెండు రకాల గాజుతో చేసిన రెండు కటకాలను జతచేసి ఈ దోషాన్ని తగ్గించవచ్చునని ఇంగ్లండులో చెస్టర్ మూర్ హాల్ 1733 ప్రాంతంలో చేసి చూపాడు, జాన్ డాలండ్ 1758లో పేటెంటు పొందాడు. ఈనాడు మీ బడ్జెట్‌లో దొరికే ఆక్రోమాట్ అన్నది అదే జంట కటకం. అది ఎరుపును, నీలాన్ని దగ్గరకు చేరుస్తుంది, ఊదా రంగు మాత్రం కొంత వెలుపలే మిగులుతుంది. ఆ మిగిలినది ఎంత బాధిస్తుందనేది నాభ్యంతరాన్ని వ్యాసంతో భాగించగా వచ్చే నిష్పత్తిని బట్టి ఉంటుంది. ఆ నిష్పత్తి కటకం వ్యాసపు అంగుళాలకు కనీసం మూడు రెట్లయినా ఉంటే రంగు మరక కంటికి ఇబ్బంది కలిగించదని అనుభవజ్ఞులు వాడే లెక్క. 80 మి.మీ. అంటే 3.15 అంగుళాలు, కనుక నిష్పత్తి 9.4 పైన ఉండాలి. 80/900 నిష్పత్తి 11కు పైనే, అది సులభంగా గట్టెక్కుతుంది. 80/400 నిష్పత్తి 5 మాత్రమే. దానితో చంద్రుడి అంచుకు ఊదా రంగు జరీ కుట్టినట్లు ఉంటుంది, 80 రెట్లు దాటితే గురుగ్రహపు పట్టీలు మసకబారతాయి. పొట్టి గొట్టం చెడ్డదని నేననడం లేదు. చీకటి ఊళ్ళో పాలపుంత వెంట మెల్లగా తిరగడానికి దాన్ని మించిన సాధనం లేదు. కాని కూకట్‌పల్లిలో పాలపుంత ఎక్కడిది? మనకు దక్కేవి చంద్రుడు, గ్రహాలు, జంట నక్షత్రాలు. ఇవన్నీ ఎక్కువ ఆవర్ధనం కోరేవి, ఆ పనికి పొడుగు గొట్టమే తగినది. రంగులను తక్కువగా విడదీసే ఈడీ గాజుతో చేసిన రిఫ్రాక్టర్లు పొట్టిగా ఉంటూనే రంగుదోషాన్ని చాలావరకు అణచివేస్తాయి, వాటి ధర మీ బడ్జెట్‌కు అందదు.

కటకాల టెలిస్కోపు అనగానే ఆటవస్తువు అనుకునేవారి కోసం ఒక్క మాట, కొంచెం దారి తప్పినా సరే. ఈ నగరపు ఖగోళశాస్త్రం మొదలైందే రిఫ్రాక్టర్లతో. 1901లో నవాబ్ జఫర్ జంగ్ ఫిసల్‌బండలో మొదలుపెట్టి, తరువాత బేగంపేటకు మారిన నిజామియా వేధశాలలో గ్రబ్ కంపెనీ చేసిన 15 అంగుళాల రిఫ్రాక్టర్, కుక్ కంపెనీ చేసిన, ఫోటోలు తీసే 8 అంగుళాల ఆస్ట్రోగ్రాఫ్ ఉండేవి. అంతర్జాతీయ నక్షత్ర పటంలో ఖగోళ మధ్యరేఖకు దక్షిణంగా 17 నుంచి 23 డిగ్రీల వరకున్న పట్టీని కొలిచిన ఘనత ఆ వేధశాలదే. ఆ తరువాత 1968లో రంగాపూర్‌లో పెట్టినది 48 అంగుళాల రిఫ్లెక్టర్. పెద్ద కటకాలు తమ బరువుకే వంగిపోతాయి, అంచుల వద్ద తప్ప వాటిని పట్టి ఉంచే వీలు లేదు. అందుకే 1897 నాటి అమెరికాలోని యెర్క్స్ వేధశాల 40 అంగుళాల రిఫ్రాక్టరును మించినది పరిశోధనకు మళ్ళీ రాలేదు. మూడు నాలుగు అంగుళాల దగ్గర ఈ సమస్య ఏదీ లేదు.

మీ జాబితాలోని మూడవదైన 114/1000 రిఫ్లెక్టర్ సంగతి. ఒకే ధరకు రిఫ్లెక్టర్ ఎక్కువ వెలుతురు పోగుచేస్తుందన్న వాదన నిజం, నేను కాదనలేను. 114 మి.మీ. అద్దం 80 మి.మీ. కటకానికి రెండింతల వైశాల్యం కలది. అయితే 1000 మి.మీ. నాభ్యంతరం అని రాసి గొట్టం పొడవు అర మీటరే ఉంటే, దాని ఐపీస్ గొట్టంలో ఒక అదనపు కటకం దాగి ఉందని అర్థం. చవకగా చేసిన ఆ అమరికలో బింబం ఎప్పటికీ పదునుగా రాదు, అద్దాలను సరిచేయడమూ కష్టమే. గొట్టం నిజంగా 900 మి.మీ. పొడవున్న 114/900 అయితే అది మంచి సాధనం. కాని దాని అద్దాలను అప్పుడప్పుడు సరిచేసుకోవాలి, తెరిచి ఉన్న గొట్టంలోకి మన నగరపు దుమ్ము చేరుతుంది. లిఫ్టులో పెట్టుకుని అయిదు అంతస్తులు ఎక్కి, పది నిమిషాల్లో చూడటం మొదలుపెట్టి, పరీక్షల కాలంలో అరగంటకే దిగిపోవలసిన కుటుంబానికి మూసిన గొట్టం, కదలని కటకం ఉన్న రిఫ్రాక్టరే సరిపోతుందని నా అభిప్రాయం.

పెట్టె మీద 525 రెట్లు అనో 675 రెట్లు అనో పెద్ద అక్షరాలతో ఉంటే జాగ్రత్తపడండి. నా మొదటి టెలిస్కోపు అటువంటిదే, నగరంలో ఒక దుకాణంలో రెండు నెలల జీతం మిగుల్చుకుని కొన్నాను. 60 మి.మీ. కటకం, అడుగున 4 మి.మీ. ఐపీస్, ఆవర్ధనాన్ని మూడు రెట్లు చేసే బార్లో కటకం, 525 రెట్ల వాగ్దానం. అన్నీ తగిలించి చూస్తే గురుగ్రహం పొగలో వెలుగుతున్న బుడ్డిదీపంలా కనిపించింది. ఏ టెలిస్కోపుకైనా వ్యాసంలో ప్రతి మి.మీ.కు రెండు రెట్లు పైహద్దు, అంటే 80కి 160 రెట్లు. నగరపు గాలిలో ఎక్కువ రాత్రులు నేను 120 దాటను. ఆ టెలిస్కోపు లోపల ఇంకొక మోసం ఉందని చాలాకాలానికి గాని తెలియలేదు. కటకం వెనుక ఒక బిళ్ళ బిగించి, అంచుల నుంచి వచ్చే కాంతిని అడ్డుకుని, 60 మి.మీ. అని అమ్మినదాన్ని 40 మి.మీ.గా పని చేయించారు. అటువంటిది పట్టుకోవడం తేలిక. చీకటి గదిలో, దూరపు వస్తువుకు ఫోకస్ చేసి ఉంచిన ఐపీస్ వైపు నుంచి టార్చి వేసి, ముందున్న కటకం దగ్గర ట్రేసింగ్ కాగితం పట్టుకుని దాని మీద పడిన వెలుగు వృత్తాన్ని స్కేలుతో కొలవండి. రాసిన వ్యాసంలో పావు వంతు తక్కువగా కనిపిస్తే వెనక్కి ఇచ్చేయండి.

ఐపీసుల విషయం క్లుప్తంగా. 1.25 అంగుళాల గొట్టానికి సరిపోయేవే కావాలి, 0.965 అంగుళాల పాత కొలతవి వద్దు. 900 మి.మీ. గొట్టానికి 25 మి.మీ. ప్లాసెల్ పెడితే 36 రెట్లు, 10 మి.మీ. పెడితే 90 రెట్లు వస్తాయి, మొదటి ఏడాదికి ఈ రెండూ చాలు. తరువాత 7 మి.మీ. ప్రాంతంలో కొంచెం వెడల్పు దృశ్యక్షేత్రం ఉన్నది ఒకటి కొనుక్కోండి. బార్లో, రంగుల ఫిల్టర్లు, చంద్రుడి ఫిల్టరు ఇప్పుడు కొనవద్దు, ఆ డబ్బు స్టాండు మీద పెట్టండి.

డాబా మీద ఎక్కడ కూర్చుంటామనేది కూడా కటకమంత ముఖ్యం. మన స్లాబులు పగలంతా ఎండను మింగి, రాత్రి పది దాటేవరకు దాన్ని కక్కుతుంటాయి. ఆ వేడిగాలి గుండా చూస్తే గ్రహం నీటి అడుగున పడిన నాణెంలా అలలాడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో పొద్దుగూకే వేళ డాబా మీద బకెట్ల కొద్దీ నీళ్ళు చల్లుతాము కదా, నేను ఆ పని టెలిస్కోపు కోసం కూడా చేస్తాను, నీరు పూర్తిగా ఆరాక కూర్చుంటాను. ఏసీ బయటి యూనిట్ల పైనుంచి చూడకండి. తెల్లవారుజామున నాలుగు గంటలకు లేవగలిగితే అంతకన్నా నిశ్చలమైన గాలి నగరంలో దొరకదు. ట్రైపాడ్‌ను స్లాబు మధ్యలో కాక, కింద దూలం గాని గోడ గాని ఉన్న అంచు దగ్గర పెట్టండి, ఎవరైనా నడిచినప్పుడు మధ్య స్లాబు అదిరినంతగా అక్కడ అదరదు. ఎదుటి భవనపు లైటు నేరుగా కంట్లో పడకుండా నీళ్ళ ట్యాంకు నీడలోనో పిట్టగోడ మూలలోనో చోటు వెతుక్కుని, తల మీదుగా నల్లని దుప్పటి కప్పుకోండి. మొదటిసారి చూసిన పొరుగువారు నవ్వుతారు, రెండవసారి మాకూ చూపించండి అంటారు. చూడటానికి అరగంట ముందే గొట్టాన్ని పైకి చేర్చితే కటకం బయటి వేడికి సర్దుకుంటుంది, చలికాలంలో ఏసీ లేని గది నుంచి తెచ్చినా ఈ జాగ్రత్త అవసరమే.

మొదటి పని పగలే చేయాలి. కనీసం ఒక కిలోమీటరు దూరంలోని సెల్ టవరు కొసను 25 మి.మీ. ఐపీసులో మధ్యకు తెచ్చి, ఆపైన ఫైండరు (గొట్టం మీద ఉండే, గురి చూసే చిన్న దుర్బిణి) మరలు తిప్పి అందులోనూ అదే కొస మధ్యకు వచ్చేలా సరిచేయండి. ఈ పని చేయకుండా రాత్రి డాబా ఎక్కి, చంద్రుణ్ణి కూడా పట్టుకోలేక, సరుకు బాగాలేదని పెట్టెలో పెట్టి అటక మీదికి ఎక్కించినవారిని నేను నలుగురినైనా ఎరుగుదును. రాత్రి ఎప్పుడూ తక్కువ ఆవర్ధనంతో మొదలుపెట్టి, వస్తువు మధ్యలో నిలిచాకే ఐపీసు మార్చండి. ఏ రోజు ఏది ఎక్కడ ఉందో స్టెల్లారియం యాప్ చెబుతుంది, ఫోను తెర మీద ఎర్రని సెలోఫేన్ కాగితం అంటించుకుంటే కంటికి చీకటి అలవాటు చెదరదు.

చంద్రుణ్ణి పున్నమినాడు చూడాలనుకోవడం అందరూ చేసే పొరపాటు. ఆ రోజు వెలుగు నిట్టనిలువుగా పడుతుంది, నీడలుండవు, గుంతలన్నీ సున్నం కొట్టిన గోడలా సమంగా కనిపిస్తాయి. వెలుగుకూ చీకటికీ మధ్య సరిహద్దు దగ్గరే అసలైన అందం ఉంటుంది. అది రోజురోజుకూ జరుగుతుంది కనుక మన పంచాంగమే మీకు పట్టిక. శుద్ధ షష్ఠి నాటికి థియోఫిలస్, సిరిల్లస్, కాథరీనా అనే మూడు పెద్ద గుంతలు ఒకదాని వెంట ఒకటి బయటపడతాయి. అష్టమినాడు మధ్యలో టాలెమియస్, అల్ఫాన్సస్ వరుస, పైన అపెనైన్ పర్వతాలు కనిపిస్తాయి. నవమినాడు దాదాపు 110 కి.మీ. పొడవున, కత్తితో గీసినట్లుండే స్ట్రెయిట్ వాల్ అనే కొండచరియ నీడను వెతకండి. దశమినాడు 93 కి.మీ. వెడల్పు గల కోపర్నికస్ మెట్లు మెట్లుగా దిగిన కోనేరులా ఉంటుంది. 80 మి.మీ. కటకం సిద్ధాంతరీత్యా ఒకటిన్నర ఆర్క్ సెకన్ల (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) వివరం చూపగలదు, చంద్రుడి మీద అది మూడు కిలోమీటర్లకు కొంచెం తక్కువ. వినాయక చవితినాడు చంద్రుణ్ణి చూడకూడదన్న పట్టింపు ఇంట్లో ఉంటే ఆ ఒక్క సాయంత్రం మానేయండి, భాద్రపదంలో ఎలాగూ మబ్బులే.

గురుగ్రహం 36 రెట్లకే చిన్న పళ్ళెంలా, పక్కన ఒకే వరుసలో నాలుగు ఉపగ్రహాలతో కనిపిస్తుంది. 1610 జనవరిలో గెలీలియో ఇంతకన్నా నాసి టెలిస్కోపుతో చూసినవి ఆ నాలుగే. ఒక గంట తేడాతో రెండుసార్లు బొమ్మ గీయమని అమ్మాయికి చెప్పండి, ఉపగ్రహాల్లో ఏదో ఒకటి కదిలినట్లు తానే కనిపెడుతుంది. 90 రెట్లకు రెండు ముదురు పట్టీలు స్పష్టమవుతాయి, గాలి నిలిచిన రాత్రి ఉపగ్రహపు నీడ చుక్కగా గ్రహం మీదుగా జరగడం కూడా చూడవచ్చు. శుక్రుడు చంద్రుడిలా కళలు మారుస్తాడు, చీకటి పడకముందే చూస్తే కళ్ళు చెదరవు. కుజుడు రెండేళ్ళకోసారి దగ్గరకు వచ్చినప్పుడు తప్ప నారింజ రంగు చుక్కే.

నగరంలో జంట నక్షత్రాలకు ఎందుకో ఎవరూ తగిన విలువ ఇవ్వరు. ఎన్ని వీధిదీపాలున్నా వాటి అందం తగ్గదు. పెళ్ళిలో పురోహితుడు పట్టపగలే చూపించే అరుంధతితో మొదలుపెట్టండి. ఏప్రిల్ నుంచి జూన్ వరకు సాయంత్రాలలో ఉత్తరాన సప్తర్షి మండలం తోకలో వసిష్ఠుడు, అరుంధతి మామూలు కంటికే విడివిడిగా కనిపిస్తారు. టెలిస్కోపు పెట్టగానే వసిష్ఠుడు తానే రెండు నక్షత్రాలుగా విడిపోతాడు, వాటి మధ్య ఎడం 14 ఆర్క్ సెకన్లు, 36 రెట్లు చాలు. ఈ సంగతి తెలిసిన తరువాత మా ఇంట్లో ఏ పెళ్ళికి వెళ్ళినా ఆ ఘట్టం దగ్గర పిల్లలు నా వైపు చూసి నవ్వుతారు. హంస మండలపు తలలోని అల్బిరియోలో ఒకటి బంగారు రంగు, మరొకటి నీలం. మిథునంలోని కాస్టర్ 90 రెట్లకు రెండుగా విడిపోతుంది. అభిజిత్తు పక్కనే ఉన్న ఎప్సిలాన్ లైరే మామూలుగా జంట, 120 రెట్లకు ఆ జంటలో ఒక్కొక్కటీ మళ్ళీ జంట, ఆ ఎడం 2.3 ఆర్క్ సెకన్లే. ఈ నాలుగూ విడిగా కనిపించిన రాత్రి మీ కటకమూ గాలీ రెండూ బాగున్నాయని నిశ్చింతగా ఉండవచ్చు.

నక్షత్రాల గుంపుల్లో కృత్తికలు, పల్లెల్లో పిల్లలకోడి అనేవి, 25 మి.మీ. ఐపీసులో సరిగ్గా ఇముడుతాయి. ఓరియన్ నెబ్యులా అనే వాయువుల మేఘం నగరంలో కూడా నాలుగు చిన్న నక్షత్రాల చుట్టూ బూడిద రంగు ఊపిరిలా కనిపిస్తుంది. ఫోటోల్లోని గులాబీ రంగు కంటికి కనిపించదు, ఈ మాట అమ్మాయికి ముందే చెప్పి ఉంచండి. ఆండ్రోమెడా గెలాక్సీ మాత్రం మన డాబాల నుంచి ఒక మసక మరక, మొదటి వారంలో దాని జోలికి వెళ్ళవద్దు. చలికాలంలో అమావాస్య దగ్గర శనివారం వస్తే కారులో గొట్టం వేసుకుని వికారాబాద్ వైపు, అనంతగిరి కొండల దిక్కుకు వెళ్ళండి. వేసవి రాత్రుల్లో అక్కడి నుంచి దక్షిణాన 25 డిగ్రీల ఎత్తుకు వచ్చే ఒమేగా సెంటారీ అనే నక్షత్రగుచ్ఛాన్ని చూడండి. లండన్‌లో ఉన్నవారికి అది ఎప్పటికీ ఉదయించదు.

సూర్యుడి విషయంలో మినహాయింపులు లేవు. గొట్టం ముందు భాగాన్ని పూర్తిగా కప్పే ప్రత్యేక సౌర ఫిల్టరు లేకుండా సూర్యుడి వైపు తిప్పకూడదు, ఒక్క క్షణం చూసినా చూపు శాశ్వతంగా పోతుంది. కొన్ని చవక పెట్టెల్లో ఐపీసుకు బిగించే నల్లని గాజు బిళ్ళ వస్తుంది, వేడికి అది చూస్తుండగానే పగులుతుంది. దాన్ని వెంటనే సుత్తితో కొట్టి చెత్తబుట్టలో వేయండి, ఎక్కడో దాచిపెడితే ఎవరో ఒకరు తీస్తారు. ఫిల్టరు పెట్టినా ఫైండరు మూత తీయకూడదు. పగలు పిల్లలు ఒంటరిగా డాబా ఎక్కే ఇంట్లో టెలిస్కోపు తాళం వేసిన అలమరలో ఉండాలి.

తడి, బూజు మన దగ్గర అసలు శత్రువులు. జూన్ నుంచి సెప్టెంబరు వరకు వాడకం తక్కువ, తేమ ఎక్కువ. పెట్టెలోని స్పాంజి తేమను పట్టి ఉంచుతుంది, కటకం మీద సాలెగూడులాంటి బూజు పడితే పూత దెబ్బతింటుంది. గొట్టాన్ని బట్ట సంచిలో గాలి తగిలే చోట ఉంచి, ఐపీసులను గాలి చొరబడని స్టీలు డబ్బాలో సిలికా జెల్‌తో ఉంచండి. కటకం మీద మంచు పడితే తుడవకుండా, మూత పెట్టకుండా, గదిలో దానంతట అదే ఆరనివ్వండి. దుమ్ము పడితే రబ్బరు బ్లోయరుతో ఊదితే చాలు. నేను ఒకసారి పంచె కొంగుతో తుడిచిన గీత పద్నాలుగేళ్ళుగా నా కటకం మీద ఉంది. జంట కటకాన్ని దాని చట్రం నుంచి ఎన్నడూ విప్పవద్దు, తిరగేసి బిగిస్తే బింబం చెడిపోతుంది.

శని వలయాలు కనిపిస్తాయా అన్నారు. కనిపిస్తాయి, 36 రెట్లకే గ్రహానికి రెండు వైపులా చెవులున్నట్లు తెలుస్తుంది, 90 రెట్లకు వలయం విడిగా నిలుస్తుంది. 2025 మార్చిలో వలయాలు సరిగ్గా అంచుగా మన వైపు తిరిగి గీతకన్నా సన్నబడ్డాయి, అక్కడి నుంచి ఏటేటా విచ్చుకుంటూ 2032 ప్రాంతంలో పూర్తిగా తెరుచుకుంటాయి. శని మనకు దగ్గరగా ఉన్న కాలంలో వలయాల వెడల్పు సుమారు 44 ఆర్క్ సెకన్లు, 90 రెట్లతో గుణిస్తే మామూలు కంటికి కనిపించే చంద్రుడికి రెండింతలు. అయినా చుట్టూ అంత చీకటి ఉండటం వల్ల అది చాలా చిన్నదిగా అనిపిస్తుంది, మొదటిసారి చూసినవారు ఇంతేనా అంటారు. అమ్మాయిని కుర్చీలో కూర్చోబెట్టి, గ్రహాన్ని క్షేత్రంలో ఒక అంచున ఉంచి, అది తనంతట తానే మధ్యకు జరిగి రెండవ అంచుకు చేరేవరకు స్టాండు ముట్టుకోవద్దని చెప్పండి. వణుకు ఆగిన ఆ రెండు నిమిషాల్లోనే వలయానికీ గ్రహానికీ మధ్యనున్న నల్లని ఖాళీ కనిపిస్తుంది.